ప్రకటన చిత్రము – తీయించువారు, తీయువారు

మన చిత్తూరు సీమలో భారతము జరిపించుట యెట్టి కార్యమో పెద్దలకు నేను వివరింప నక్కరలేదు. 18 దినములు పగలు హరికథయు, రాత్రి వీథినాటకమును, నడుమ అర్జునుడు తపస్సుమాను నెక్కుటయు, కడపట దుర్యోధన వధయు, అగ్నిగుండమును జరుగవలె నన్నచో ఊరివారు ముందుగా ధర్మరాజు గుడికడ కూర్చుండి నాటకపు మేళమువారితో మాట తేల్చుకొందురు. ఎన్ని రాత్రు లాడవలెను, వేషగాండ్రెందరు, బయానా యెంత, భోజనము లెవరివి, దీపము లెవరివి, వాన కురిసి ఆట నిలిచినచో ఆ రాత్రి లెక్క యెట్లు అని యన్నియు నిష్కర్ష చేసికొన్న పిమ్మటనే తాంబూలము మారును. నిష్కర్ష కాని సంగతి యేదేని మిగిలినచో అది యెనిమిదవ నాటి రాత్రి జగడమై లేచును. నేడు నేను చెప్పబోవు పని చూచుటకు క్రొత్తదే గాని, దాని నడక యంతయు ఈ నిష్కర్ష వంటిదే. అది వర్తకుల కొఱకు ప్రకటన చిత్రములు, అనగా ఇప్పటివారు వీడియోలనునవి, తీయించి పెట్టు పని.

దూరదర్శనమున వార్తల నడుమను, చేతి ఫోనులో పాటకు ముందును క్షణకాలము కనబడి పోవు సబ్బుల ప్రకటనలను, నగల యంగళ్ల ప్రకటనలను మీరు చూచుచునే యున్నారు. అది యెట్లు పుట్టినదని యడిగినచో కెమెరావాడు తీసినాడందురు. కెమెరావాని పని యందులో ఒక పాలు మాత్రమే. సరుకు అమ్ముకొనువా డొకడు, వానిని క్లయింటందురు. వాని తరఫున ఆలోచించి ప్రకటనలు చేయించు సంస్థ యింకొకటి, అది ఏజెన్సీ. ఏజెన్సీవారును సామాన్యముగా తామై కెమెరా పట్టరు. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, దీపములవారు గల నిర్మాణ సంస్థ కా పని యొప్పగింతురు. ఈ మువ్వురును మూడు విధములుగా మాటాడుదురు. వర్తకుడు సరుకునుగూర్చియు, దర్శకుడు వెలుతురునుగూర్చియు, ఏజెన్సీవారు చూచువాని మనస్సునుగూర్చియు మాటాడుచుండగా, ఒకరి మాట నొకరికి తెలియజేసి, సొమ్మును గడువును చేయి జారకుండ కాచుకొను మనుష్యు డొకడు కావలెను. అతనిని ప్రొడ్యూసరందురు. పూర్వము మన నాటకములలో సూత్రధారుడన్న మాటకు దారమును పట్టినవాడని యర్థము. ఇతనికి ఆ పేరే చక్కగా తగును గాని, ఇతడు రంగముమీదికి రాడు.

ఈ సంగతులు విశ్రాంత ఉపాధ్యాయునకు ఏల పట్టినవని మీకు సందేహము కలుగవచ్చును. నా యొద్ద చదివిన యొకడు చెన్నపట్టణమున అట్టి ఏజెన్సీలో ఈ పనియే చేయుచున్నాడు. హిందీలోనుండి తెలుగునకు దించిన మాటలను సరిచూచుటకు అతడు అప్పుడప్పుడు నాకు పంపుట కలదు. అది యటుండగా, మా కార్వేటినగరపు చుట్టుప్రక్కల మామిడి రైతులు కొందరు సంఘముగా కూడి, గుజ్జును రసముగా సీసాలలో నింపించి తామే అమ్ముకొనవలెనని తలపెట్టినారు. 2025వ సంవత్సరపు వేసవిలో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలవారు కిలోకు 8 రూపాయలిచ్చునట్లును, ప్రభుత్వము 4 రూపాయలు కలుపునట్లును నిర్ణయము కావలసి వచ్చినది మీ రెరుగుదురు. అట్టి యేటి తరువాత రైతు తన సంచిలోనుండి తీసి యిచ్చిన సొమ్ముతో ఒక వీడియో తీయింప బూనుకొన్నారు. వారు కాగితములు చదివి పెట్టుమని నన్నడిగిరి. ఆ సొమ్ము వృథాపోరాదన్న తలంపే నేటి ప్రసంగమునకు మూలము.

రైతులు చిత్రమునకు సొమ్ము పెట్టుట వింత కాదు. 1934లో సికిందరాబాదు తిరుమలగిరిలో పుట్టి, హైదరాబాదున చదువుకొన్న శ్యామ్ బెనెగళ్‌గారు 1959లో బొంబాయి చేరి ప్రకటనలకు మాటలు వ్రాయు ఉద్యోగమున ప్రవేశించిరి. తరువాత ప్రకటన చిత్రములు, సంస్థల కొఱకు తీసిన చిన్న చిత్రములు కలిపి వారు తీసినవి 900లకు మించినవని ప్రసిద్ధి. తెలంగాణపు పల్లె కథతో 1974లో వచ్చిన వారి మొదటి పెద్ద చిత్రము ‘అంకుర్’. దానికి పెట్టుబడి పెట్టినవారు సినిమాహాళ్లకు ప్రకటన చిత్రములను పంపిణీ చేయు బ్లేజ్ సంస్థవారు. 1976లో పాల సహకార సంఘములమీద ‘మంథన్’ తీయబూనినప్పుడు, గుజరాతు పాల రైతులు 5 లక్షలమంది తలకు 2 రూపాయల చొప్పున ఇచ్చినారు. ఆ 10 లక్షలతో చిత్రము తయారైనది. తమ సొమ్ముతో తీసిన చిత్రమని రైతులు బండ్లు కట్టించుకొని పోయి చూచినారట. 1987లో పోచంపల్లి నేతగాండ్ర బ్రదుకుమీద వారు తీసిన ‘సుస్మన్’ చిత్రమునకు చేనేత సహకార సంఘములే నిర్మాతలు. బెనెగళ్‌గారు 2024 డిసెంబరులో కాలధర్మము నొందిరి.

ఈ కథలో నాకు ముఖ్యముగా తోచున దేమనగా, 5 లక్షల యజమానులలో ప్రతివాడును తన మాట చొప్పించవలె నన్నచో ఆ చిత్రము నేటికిని పూర్తి కాకుండెడిది. సొమ్ము అందరిది, మాట యొకనిది కావలెను. మా సంఘమువారికి నేను మొదట చెప్పినదియు నిదియే. ఏజెన్సీతో మాటాడుట కొకనిని నియమించి, అతడు ఔనన్నది సంఘము ఔనన్నట్లే యని తీర్మానము వ్రాసి పెట్టుడంటిని. దీనికి నాలుగు వారములు పట్టినది. తక్కిన పనులన్నిటికంటె నిదియే కష్టమని నా శిష్యుడు నవ్వినాడు.

ఇక పని యెట్లు సాగునో చూతము. ఏజెన్సీవాడు మొదట అడుగవలసిన ప్రశ్న, ‘ఈ చిత్రమును చూచువాడెవడు? చూచిన పిమ్మట వాడేమి చేయవలెను?’ అని. ఈ ప్రశ్నకు సమాధానము ఒక పుటలో వ్రాసి ఉభయులును సంతకము చేయుదురు. దానిని బ్రీఫందురు. క్లయింటునకు సహజముగా తాత ముత్తాతల చరిత్రము, కర్మాగారపు భవనము, వచ్చిన బహుమానములు, కులదైవపు పటము, మూడు టెలిఫోను నంబరులు, అన్నియు చేర్పవలెనని యుండును. ప్రకటన చిత్రము సాధారణముగా 10 గాని, 20 గాని, 30 గాని సెకండ్లది. మన దేశపు టెలివిజనులో సెకండునకు 25 బొమ్మలు కదలును గనుక 30 సెకండ్లకు 750 బొమ్మలు. నేను గడియారము దగ్గర పెట్టుకొని చదివి చూచితిని. 30 సెకండ్లలో ఏబది తెలుగు మాటలు దాటినచో వినువానికి ఊపిరాడదు. ఆ ఏబదిలో తాతగారికి చోటెక్కడ? ఒక్క చిత్రమునకు ఒక్క మాట చాలునని క్లయింటు నొప్పించుట ప్రొడ్యూసరుని మొదటి విద్య. ఒప్పింపలేక తల యూపి వచ్చినవాడు తరువాత దర్శకుని కడను, క్లయింటు కడను గూడ దోషి యగును.

ఆ వెనుక స్క్రిప్టు. ఎడమ ప్రక్క కనబడునది, కుడి ప్రక్క వినబడునది వ్రాసి, ప్రతి దృశ్యమునకు చిన్న బొమ్మ గీసి చూపుదురు. ఈ కాగితముమీద మార్పు చేయుటకు రబ్బరు ముక్క చాలును. చిత్రము తీయు నాడు అదే మార్పు చేయవలెనన్నచో ముప్పదిమంది కూలి నిలిచిపోవును. తీసిన పిమ్మట చేయవలెనన్నచో మరల మొదటినుండి తీయవలసియుండును. క్లయింటులు దీనిని త్వరగా నమ్మరు. నా శిష్యుడు చెప్పిన ఉదాహరణము వినుడు. పేరు చెప్పను గాని, ఒక పానీయపు వర్తకుడు స్క్రిప్టును చదువకయే సంతకము చేసినాడట. చిత్రము తీసి, కూర్పు ముగించి, సంగీతము కలిపి చూపిన దినమున ఆయన బావమరది ప్రక్క కుర్చీలో కూర్చుండి, ‘సీసామీద పాత లేబులున్నదే, వచ్చే నెలనుండి క్రొత్తది గదా’ అన్నాడట. క్రొత్త లేబులు వచ్చుచున్నదన్న సంగతి ఏజెన్సీవారితో అంతవరకు ఎవ్వరును చెప్పలేదు. కంప్యూటరుమీద ఒక్కొక్క బొమ్మలోను లేబులును మార్చుటకు మూడు వారములును, కొంత సొమ్మును పట్టెను. ఆ సొమ్మెవరు పెట్టుకొనవలెనన్న తగవునకు మరి రెండు నెలలు పట్టెను. అందుచేత మంచి ప్రొడ్యూసరు స్క్రిప్టును క్లయింటు చేతికిచ్చి చదువుకొమ్మని పోడు. ఎదుట కూర్చుండి గట్టిగా చదివి వినిపించును. కెమెరా ముందు పెట్టబోవు సీసాను, చీరను, పాత్రను తెచ్చి బల్లమీద పెట్టి, ఇదియే గదా యని యడిగి వ్రాయించుకొనును.

భాషనుగూర్చి ఒక మాట. పండితుడనై యుండియు చెప్పుచున్నాను, ప్రకటనలో గ్రాంథికము పనికిరాదు. ఇంట తల్లి బిడ్డతో మాటాడు తెలుగే కావలెను. అయినను ఇప్పుడు వచ్చు ప్రకటనల తెలుగు అదియు కాదు. హిందీ నటుని పెదవుల కదలికకు అతికించిన మాటలు. పెదవి మూసికొన్న చోట పకారమో మకారమో రావలెనని మాటను వంచుదురు. అర్థము దాని వెంట వంగును. మరియు మా వైపు రైతు బొమ్మ చూపి, అతని నోట కృష్ణాతీరపు యాస పలికించినచో మా ఊరి పిల్లలు సహితము నవ్వుదురు. మా సంఘమువారి కాగితములో, మాటలు మొదటనే తెలుగున వ్రాయవలెననియు, గొంతు ఈ జిల్లావారిదే కావలెననియు నేను పట్టుబట్టి చేర్పించితిని. ఏజెన్సీవారు మొదట ఖర్చెక్కువ యనిరి. లెక్క వేసి చూడగా తక్కువే యైనది.

తరువాత లెక్క. ఎస్టిమేటు కాగితమున మొత్తము మాత్రము చూచి సంతకము పెట్టుట తగదు. దర్శకుని వేతనము, కెమెరా దీపముల దినసరి అద్దె, జనరేటరు, ప్రయాణము, నటులు, భోజనములు, కూర్పు, గొంతు, సంగీతము, ఏజెన్సీవారి రుసుము వేరువేరుగా నుండవలెను. దినమనగా ఎన్ని గంటలో, గంటలు మించినచో రేటెంతయో, వాన వచ్చినచో ఆ దినపు నష్ట మెవరిదో వ్రాసియుండవలెను. సామాన్యముగా సగము సొమ్ము ముందుగా నడుగుదురు. ఇది యత్యాశ కాదు. నిర్మాణ సంస్థవారు అద్దెలన్నియు ముందే కట్టవలెను. మిగిలినది మాత్రము పని మెట్టులనుబట్టి వాయిదాలుగా చెల్లించుట మేలు.

కాలమును గూర్చి గూడ మనవంటివారికే బాగుగా తెలియును. మామిడితోటను చూపవలెనన్నచో పుష్యమాఘములలో పూత దొరకును, తోతాపురి పండు జ్యేష్ఠాషాఢములలో దొరకును. పట్టణపు క్లయింటులు కార్తికమాసమున వచ్చి పండ్లతో క్రుంగిన కొమ్మ కావలెనందురట. అప్పుడు చేయగలిగిన దేమి? కొమ్మకు మైనపు పండ్లు కట్టవలెను, లేదా పాత దృశ్యములను కొని తెచ్చి అతికింపవలెను. ప్రొడ్యూసరుని గోడమీద పంచాంగము కూడ వ్రేలాడుచుండవలెనని నేను వేడుకకంటిని గాని, అతడు నిజముగా తెచ్చి వ్రేలాడగట్టినాడు.

చిత్రము తీయుటకు ముందు దినములలో ఉభయపక్షములవారును కూర్చుండి, వేషములు, స్థలము, వస్తువులు తుదిసారి ఒప్పుకొందురు. తీయు దినమున ఎవరెన్ని గంటల కెక్కడ నుండవలెనో వ్రాసిన పట్టికను ముందునాడే అందరికి పంచుదురు. ఇక తీయు స్థలమున నొక మర్యాద కలదు. క్లయింటు దూరముగా చిన్న తెరముందు కూర్చుండును. తనకు నచ్చనిది ఏజెన్సీ ప్రొడ్యూసరుతో చెప్పవలెనే గాని నటునితోగాని ఛాయాగ్రాహకునితోగాని చెప్పరాదు. వీథినాటకమున దుర్యోధనుడు గొంతు తగ్గించినాడని ఊరిపెద్ద పందిరిలోనికి పోయి వానినే గద్దించునా? మేళము పెద్దతో నొక మాట యనును, అంతే. ఇరువురు ఆజ్ఞాపించుచో నటుడు ఇరువురి మాటయు వినడు. ప్రొడ్యూసరునకును బాధ్యత కలదు. క్లయింటు చెప్పినది వెఱ్ఱిమాట యని తోచినను దర్శకునకు చేరవేయవలెను, దర్శకుని సమాధానమును తిరిగి తేవలెను. మాట దాచినవాడు ఆ రాత్రికి బ్రతుకును గాని కూర్పు దినమున దొరకిపోవును.

కూర్పు, దానిని ఎడిటింగందురు, గదిలో జరుగు పని గనుక బయటివారికి సులభముగా తోచును. మొదటి ప్రతి చూచి క్లయింటు మార్పులు చెప్పును. ఎన్ని విడతలు చెప్పవచ్చునో ముందే నిశ్చయించుకొనవలెను. రెండు మూడు విడతలు న్యాయము. విడతకొక కాగితము, కాగితమున కొక సంతకము. ఇట్లు కాక, యజమాని ఒకటి, ఆయన కుమారుడొకటి, గుమాస్తా యొకటి ఫోనులో చెప్పినచో అవి యొకదానినొకటి కొట్టివేయును. నా శిష్యుని కంప్యూటరులో నొకసారి ప్రతుల పేర్లు చూచితిని: ‘చివరిది’, ‘చివరి చివరిది’, ‘నిజముగా చివరిది’, ‘యజమాని చూచిన చివరిది’. ఇందులో ప్రసారమైన దేదని యడుగగా, తేదీ వేసియున్న వేరొక ప్రతిని చూపినాడు.

ఇప్పుడు చట్టము. ఇక్కడ రైతు సంఘములు జాగ్రత్త పడవలసినది చాల కలదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపుచ్చు ప్రకటన చేసినవారికి 10 లక్షల వరకును, మరల చేసినచో 50 లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. ప్రకటనలో కనబడి మెచ్చుకొన్న ప్రముఖులును దానికి లోబడినవారే. మా సంఘమువారి మొదటి స్క్రిప్టులో ‘నూటికి నూరుపాళ్లు పండ్లరసము’ అను మాట యుండెను. గుజ్జును గాఢము చేసి తరువాత నీరు కలిపిన రసమునకు ఆ మాట వాడరాదనియు, లేబులులనుండియు ప్రకటనలనుండియు తీసివేయవలెననియు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవారు 2024 జూనులో ఆదేశించియున్నారు. ఆ మాట తీయించితిమి. వ్రాసినవాడు ఏజెన్సీ కుర్రవాడే యైనను సరుకు పేరు సంఘమువారిది గదా.

సంగీతము మరియొక చిక్కు. సినిమాపాటను అడుగకుండ ప్రకటనకు వాడరాదని చాలమంది కిప్పుడు తెలియును. కార్వేటినగర సంస్థానమున వెలసి వేణుగోపాల ముద్రతో పదములు రచించిన సారంగపాణిగారి పద మొకటి పెట్టుదమని మా వారికి కోరిక కలిగెను. సంతోషమే. ఆ పదముమీద నేడెవరికిని హక్కు లేదు. రచించినవాడు గతించి రెండు శతాబ్దములు దాటినది. అయితే నేటి గాయకురాలు పాడగా ముద్రించిన ధ్వనిమీద, ప్రచురణమైన తరువాత 60 ఏండ్ల వరకు హక్కు కలదు. కనుక ఆ ముద్రణము తీసికొనరాదు. మన ఊరివారి చేత క్రొత్తగా పాడించి, పాడినవారికి సొమ్మిచ్చి, రసీదు తీసికొనవలెను.

మరి చిత్రము ఎవరిది? 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, ప్రతిఫలమిచ్చి యెవరు కోరి తీయించుకొందురో, వేరు ఒడంబడిక లేనప్పుడు, ఆ చిత్రమున కతడే మొదటి యజమాని. ‘వేరు ఒడంబడిక లేనప్పుడు’ అను మూడు మాటలలోనే సమస్తమును దాగియున్నది. ఏజెన్సీవారి ముద్రిత ఒప్పందములలో, సొమ్ము పూర్తిగా చెల్లువరకు హక్కు తమదే యని యుండుట కలదు, అది సమంజసమే. కొన్నిటిలో కూర్పునకు వాడక మిగిలిన దృశ్యములు, అనగా తోటలు, రైతుల ముఖములు, గుజ్జు తీయు యంత్రము, ఎల్లప్పటికిని తమవే యని వ్రాసియుండును. రేపు అదే తోటను వేరొకని సరుకునకు చూపిన మన మేమనగలము? మా సంఘమువారి కాగితమున ఆ వాక్యమును కొట్టివేయించి, మిగిలిన దృశ్యములన్నియు ఒక డిస్కులో పెట్టి తమ కీయవలెననియు, అది చేతికి వచ్చిన నాడే కడపటి వాయిదా చెల్లుననియు వ్రాయించుకొన్నారు. ఏజెన్సీవారు రెండు దినములు ఆలోచించి ఒప్పుకొనిరి. తీయు తేదీ జ్యేష్ఠమున తోతాపురి రంగు తిరిగినప్పుడని పెట్టినారు. వానకు ఒక దినము ఉభయులును సమముగా భరింతురు; రెండవ దినము వాన వచ్చినచో ఏమి చేయవలెనన్నది ఇంకను తేలలేదు, వచ్చు ఆదివారము మరల కూర్చుందురు.